గల్లీ తీర్పు: ‘తడీపార్’ ఆల్బమ్, నాందేడ్ శ్రోతలు



ఏటా ఎవరి జ్ఞాపకార్థం మనం ఇలా కలుస్తున్నామో ఆ పెద్దాయన పాడినవాడు కాదు, రాసినవాడూ కాదు. ఉస్మాన్‌షాహీ మిల్లులో షిఫ్టు దిగి వచ్చి పాట వినేవాడు. ఒగ్గుకథ అయినా, ఖవ్వాలీ అయినా, అంబేడ్కర్ మీది భీంగీతాల జల్సా అయినా ముందు కూర్చుని ఆసాంతం విని, లేచి వెళ్లేముందు బాగుందో లేదో, ఎందుకో, పాడినవాడి మొహం మీదే చెప్పేవాడు. కవుల పేరిట ధర్మనిధులు చాలా ఉన్నాయి, శ్రోత పేరిట ఉన్నది నాకు తెలిసి ఇదొక్కటే. అందుకని ఈసారి వినేవాళ్ల గురించే మాట్లాడదామనుకున్నాను. పాతకాలపు శ్రోతలను పొగిడితే సులువుగా చప్పట్లు పడతాయి. ఆ పని పెట్టుకోను. ఇప్పటి శ్రోతలు, ఇప్పటి పాట. పాట అనడానికే కొందరికి మనసొప్పని ర్యాప్.

పుణె రైల్వే స్టేషను దగ్గర తాడీవాలా రోడ్డు బస్తీ ఉంది. అక్కడ పెరిగిన అల్తాఫ్ షేక్ ఎం.సి. స్టాన్ అన్న పేరుతో ర్యాప్ చేస్తాడు. చిన్నప్పుడు ఖవ్వాలీ పాడేవాడట. 2018లో ‘వాటా’ అన్న పాటతో కుర్రకారుకు తెలిశాడు. 2020లో ‘తడీపార్’ ఆల్బమ్ తెచ్చాడు. అప్పటికి ఇరవై ఒకటి నిండీ నిండని వయసు. పెద్ద సినిమా లేదు, పెద్ద కంపెనీ ప్రచారం లేదు. బాణీలు చాలావరకు తనే కట్టుకున్నాడు. ఆ రికార్డు ఫోను నుంచి ఫోనుకు పాకి మన వజీరాబాద్ చౌరస్తా దాకా వచ్చింది.

తడీపార్ అంటే ఏమిటో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టంలో 55 నుంచి 57 దాకా ఉన్న సెక్షన్లు మనిషిని జిల్లా దాటించే అధికారం ఇస్తాయి. గడువు రెండేళ్ల దాకా ఉండొచ్చు. 56వ సెక్షను కింద అయితే నేరం కోర్టులో రుజువు కాకపోయినా నోటీసు రావచ్చు. మన దగ్గర అలాంటి నోటీసు వచ్చినవాడికి ధర్మాబాద్ దాటితే బాసర, ఆ పైన నిజామాబాద్, అక్కడ మేనత్త ఇల్లు. ముంబైలో కూర్చుని సమీక్ష రాసేవాడికి ఆ ఆల్బమ్ పేరు పోకిరీతనపు అలంకారంగా కనిపించవచ్చు. మన ఇత్వారా కుర్రాడికి అది తన గల్లీలో ఫలానా అన్నకు అందిన కాగితం. ఒకే రికార్డు మీద అభిప్రాయాలు ఇంత దూరం ఎందుకు పోతాయో తెలుసుకోవాలంటే ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

ఆ ఆల్బమ్ మీద అందరికన్నా ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు, మాట తెలియడం లేదని. నములుతున్నాడు, మింగుతున్నాడు, ఆటోట్యూన్ వెనక దాక్కుంటున్నాడు అన్నారు. ఢిల్లీ ర్యాప్‌కు అలవాటుపడ్డవాళ్లు, అక్షరం అక్షరం విడదీసి పలికే సీధే మౌత్ జంటను ఇష్టపడేవాళ్లు ఈ మాట గట్టిగానే అన్నారు. ఇదే ప్రశ్న నేను నాందేడ్‌లో పదిమందిని అడిగాను. మరాఠీ ఇంటివాళ్లు, ఉర్దూ ఇంటివాళ్లు, మన పద్మశాలీల పిల్లలు. మాట తెలియలేదన్నవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. ఒకడైతే నా మీదే విసుక్కున్నాడు: “ఇందులో తెలియకపోవడానికి ఏముంది సార్, మేం మాట్లాడుకునేదే కదా!”

నిజమే. నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది, తర్వాత బొంబాయి రాష్ట్రంలో, 1960 మే 1 నుంచి మహారాష్ట్రలో. రైల్వే డివిజను మాత్రం సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే కిందిది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ, గురుద్వారా దారిలో పంజాబీ. కిన్వట్, భోకర్, బిలోలీ, దెగ్లూర్ వైపు పోతే ఒక్క వాక్యంలోనే మూడు భాషలు దొర్లుతాయి, ఎవరూ తడుముకోరు. స్టాన్ పలికే పుణె బస్తీ హిందీ, మరాఠీ తిట్లు కలిసిన ఉర్దూ, మన దక్కనీకి దగ్గరి చుట్టమే. కాబట్టి “స్పష్టత లేదు” అన్న తీర్పులో సగం దూరపు చెవిది. విమర్శకుడు తనకు తెలియని యాసను గాయకుడి నోటి దోషంగా లెక్కకట్టాడు. దీని రుచి మనకూ తెలుసు. 2018లో హైదరాబాద్ నుంచి రుహాన్ అర్షద్ ‘మియాభాయ్’ వచ్చినప్పుడు దేశమంతా నవ్వింది. కోట్లమంది చూశారు, వాళ్లలో చాలామంది వెక్కిరించడానికే చూశారు. ఆ పాట గొప్పదని నేననను. ఆ నవ్వులో పాట మీద నవ్వెంత, దక్కనీ మాట మీద నవ్వెంత అని మాత్రం అడుగుతాను.

ఆటోట్యూన్ సంగతి వేరు. దాన్ని 1997లో మార్కెట్లోకి తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలో చమురు ఎక్కడుందో ధ్వని తరంగాలతో పసిగట్టే లెక్కలు చేసినవాడు. శ్రుతి తప్పిన గొంతును సరిదిద్దడానికని చేస్తే, మరుసటి ఏడు షేర్ పాడిన ‘బిలీవ్’తో అదే ఒక గొంతుగా తయారైంది. “వాడికి పాడడం రాదు, అందుకే మిషను పెట్టుకున్నాడు” అనే పెద్దలకు నా జవాబు: ‘తడీపార్’లో మిషను దాచడానికి లేదు, వినిపించడానికే ఉంది. ఏడుపునూ బడాయినీ ఒకే లోహపు గొంతులో పలికిస్తాడు, ఏది ఏదో మనకు అంతుపట్టనివ్వడు. కొన్నిచోట్ల ఇది బాగా పండింది. కొన్నిచోట్ల, ముఖ్యంగా డబ్బు గురించిన గొప్పలు వరసగా వచ్చేచోట, విసుగు పుట్టిస్తుంది. నాకు పుట్టింది.

నాందేడ్‌లో మరో రకం శ్రోతలున్నారు. వామన్‌దాదా కర్డక్ వేల పాటలు అంబేడ్కర్ జయంతి ఏప్రిల్ 14నా, వర్ధంతి డిసెంబర్ 6నా బస్తీ బస్తీలో వింటూ పెరిగినవాళ్లు. వాళ్లకు పాట కాలక్షేపం కాదు. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలన్నందుకు 1978లో దళితుల మీద జరిగిన దాడుల్లో ఈ జిల్లా టెంభుర్ణిలో పోచిరాం కాంబ్లేను చంపారు. 1993 నవంబర్‌లో ఇదే నాందేడ్‌లో గౌతమ్ వాఘ్మారే అదే కోరికతో ఆత్మాహుతి చేసుకున్నాడు. 1994 జనవరి 14న పేరు మారింది. ఆ పదహారేళ్లూ ఉద్యమాన్ని ఊరి నుంచి ఊరికి మోసింది కరపత్రాల కన్నా పాటలే. ఆ చెవితో ‘తడీపార్’ విన్న ఒక రిటైర్డ్ బడిపంతులు నాతో ఇలా అన్నాడు: “వీడికి ఆకలి తెలుసు, పోలీసు తెలుసు, అన్నీ తెలుసు. మరి ‘మనం’ ఏదీ? గంటసేపూ ‘నేను, నేను’.”

ఈ ఆల్బమ్ మీద నేను విన్న విమర్శల్లో పదునైనది ఇదే. నేను చూసిన ఇంగ్లీషు పత్రికలేవీ ఈ మాట అనలేదు. దీనికి ఆయన మనవడి దగ్గర జవాబు ఉంది. తాతల పాటలో ‘మనం’ ఎప్పటినుంచో ఉంది, తాడీవాలా రోడ్డు కుర్రాడికి ‘నేను’ అనే వీలు మొన్నటిదాకా ఎవరిచ్చారని. ఇద్దరూ అమరావతి ర్యాపర్ సౌరభ్ అభ్యంకర్ దగ్గర కలుసుకున్నారు. 100 ఆర్‌బీహెచ్ అన్న పేరుతో వచ్చే అతని పాటల్లో కులం గురించి సూటి మాట ఉంది, ర్యాప్ పొగరూ ఉంది. తాతకు మాట నచ్చింది, మనవడికి పొగరు నచ్చింది. నా తూకం తాతవైపే మొగ్గుతుంది. ‘తడీపార్’లో నిలిచే ఘట్టాలు స్టాన్ ‘నేను’లోకి అమ్మ, గల్లీ, పక్కింటి కుర్రాడు వచ్చి చేరినప్పుడు పుట్టినవి. మిగతాది ఏ ర్యాపర్ అయినా అనగలిగిన బడాయి.

గురుద్వారా వైపు కుర్రాళ్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. వాళ్లలో కొందరు ‘తడీపార్’ కన్నా 2017లో ఆజాదీ రికార్డ్స్ తెచ్చిన ప్రభ్ దీప్ ‘క్లాస్-సిక్’ను పైమెట్టున పెడతారు. ఢిల్లీ తిలక్‌నగర్ గల్లీల్లో కుర్రాళ్లను మత్తు ఎలా మింగిందో, స్నేహితులు ఎలా పోయారో అందులో ఉంది. తరాలుగా ఇక్కడే ఉన్న దక్కనీ సిక్కు కుటుంబాల పిల్లలకు ఆ పంజాబీ కొన్నిచోట్ల కొరుకుడు పడదు, అయినా అది తమదేనంటారు. భాష తెలిసినవాడికే పాట దక్కుతుందని ఇందాక నేను చెప్పిన సిద్ధాంతానికి ఇది ఎదురు సాక్ష్యం. ఉండనివ్వండి.

అభిమానుల గోల గురించి మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? రెండు కటౌట్ల మధ్య నలిగిన సినిమాహాలు చూసినవాళ్లం. ర్యాపర్ ఎమివే బంటాయ్‌కీ స్టాన్‌కీ పాటల్లో తగవు నడిచినన్నాళ్లూ ‘తడీపార్’ మీద వచ్చిన అభిప్రాయాల్లో పెద్ద వాటా ఆల్బమ్ వినకుండానే రాసినవి. 2023 ఫిబ్రవరిలో స్టాన్ బిగ్‌బాస్ 16 గెలిచాక ఆ గోల ఇంకా ముదిరింది. పాత శ్రోతలు “మావాడు టీవీవాడైపోయాడు” అని మూతి ముడిచారు, కొత్త శ్రోతలు పాత రికార్డు తవ్వి తీసి కళాఖండం అన్నారు. తెలుగు ర్యాపర్ రోల్ రైడా 2018లోనే బిగ్‌బాస్ ఇంటికి వెళ్లొచ్చాడు కాబట్టి ఈ దారి మనకూ తెలిసినదే.

ఇక బరువైన సంగతి. ఈ ఆల్బమ్‌లోనూ ఈ తరహా ర్యాప్‌లోనూ ఆడది అమ్మ అయి ఉండాలి, లేదా మోసం చేసిన పిల్ల అయి ఉండాలి. మూడో ఆడమనిషి కనపడదు. అడిగితే కుర్రాళ్లు చెప్పే జవాబు, “గల్లీలో ఇలాగే మాట్లాడతారు సార్, ఉన్నదే పాడాడు” అని. యాసను వెనకేసుకొచ్చిన నోటితోనే దీన్నీ వెనకేసుకురావాలని నన్ను లాగుతారు. నేను రాను. యాస అతను ఎంచుకున్నది కాదు, ఆ తిట్టు ఎవరి మీద వేయాలో అది అతను ఎంచుకున్నదే.

ఇందులో నా అభిప్రాయం కన్నా విలువైనది ఒక నర్సింగ్ విద్యార్థిని చెప్పింది. ఆమె రోజూ లోహా నుంచి బస్సులో నాందేడ్ వస్తుంది. “బీట్ నాకూ ఇష్టమే సార్. ఇంట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటాను. అదే పాట బస్సులో వెనక సీటు అబ్బాయిలు ఫోన్లో గట్టిగా పెడితే, ఆ ఒక్క మాట మా కోసమే పెట్టినట్టు ఉంటుంది.” ఆల్బమ్ అదే, పాట అదే. ఎవరు, ఎక్కడ, ఎవరి వినికిడిలో పెట్టారన్న దాన్నిబట్టి దాని అర్థం తిరిగిపోయింది. ఇన్నేళ్లుగా పాట గురించి రాస్తున్న మా బోటివాళ్లం దీన్ని పట్టించుకోలేదు. 2023 మార్చిలో ఇండోర్‌లో అసభ్య పదాలున్నాయంటూ స్టాన్ కచేరీని ఆందోళనకారులు ఆపించారు. స్త్రీల గౌరవం కోసమన్నారు. ఈ నర్సింగ్ అమ్మాయి లాంటివాళ్లను అటువాళ్లూ అడగలేదు, ఇటువాళ్లూ అడగలేదు.

ప్రభుత్వం కూడా శ్రోతే, ఆ మాట మరవకూడదు. 2023 ఏప్రిల్‌లో మన మరాఠ్వాడాకే చెందిన ఛత్రపతి శంభాజీనగర్ ర్యాపర్ రాజ్ ముంగాసే మీద రాజకీయ నాయకులను విమర్శించిన పాటకు అంబర్‌నాథ్ పోలీసులు కేసు పెట్టారు. అదే నెలలో ముంబైలో ఉమేశ్ ఖాడే మీదా కేసు పడింది. ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిన కాలం గుర్తున్న కుటుంబాలు ఈ సభలోనూ ఉన్నాయి. సర్కారు చెవి కటువైన పదాల దగ్గర ఆగదు, పేర్ల దగ్గర ఆగుతుంది. ఆడవాళ్లను తిట్టిన పాటలు వందలు పోనిచ్చి, పాలకులను అడిగిన రెండు పాటలను పట్టుకుంది.

హిప్‌హాప్ పుట్టిందని చెప్పే 1973 ఆగస్టు 11 నాటి న్యూయార్క్ బ్రాంక్స్ విందులో, మళ్లీ ఆడవాళ్ల సంగతికి వస్తే, రికార్డులు తిప్పినవాడు డీజే కూల్ హెర్క్. ఆ విందు పెట్టింది మాత్రం అతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్, బడికి కొత్త బట్టలు కొనుక్కునే డబ్బుల కోసం. 1994లో ర్యాపర్ నాస్ తొలి ఆల్బమ్ ‘ఇల్మాటిక్’ వచ్చినప్పుడు ‘ది సోర్స్’ అనే హిప్‌హాప్ పత్రికలో దానికి అయిదుకు అయిదు మైకులు వేసి సమీక్ష రాసింది మిన్యా ఓ అనే యువతి. అది ప్లాటినం అమ్మకాల గుర్తింపు అందుకోవడానికి 2001 దాకా పట్టింది. బజారు ఏడేళ్లకు తెలుసుకున్నదాన్ని ఆమె మొదటే చెప్పింది. మహారాష్ట్రలోనూ ఆడపిల్లలు ర్యాప్ చేస్తున్నారు. మహాదేవ్ కోళీ తెగకు చెందిన మధురా ఘాణే ‘మాహీ జీ’ పేరుతో అడవి గురించీ ఎండల గురించీ రాస్తోంది. పాడే ఆడవాళ్లను కొంతైనా వేదిక ఎక్కిస్తున్నారు. వినే ఆడవాళ్ల అభిప్రాయాన్ని మాత్రం ఎవరూ రాసిపెట్టడం లేదు.

‘తడీపార్’ మీద నా తీర్పు అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. భాషలో నిజాయితీ ఉంది, బాణీల్లో పట్టుదల ఉంది, మూడోవంతు కోసేయవచ్చు, ఆడవాళ్ల విషయంలో బుద్ధి కురచ. ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు తన బస్తీ మాటను ఎవరి కోసమూ దిద్దుకోకుండా రికార్డు చేశాడు, ఆ మేరకు అది దక్కన్‌కు దక్కిన ఆల్బమ్. గొప్ప ఆల్బమ్ కాదు.

ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ స్మారకోపన్యాసం పేరు శ్రోతది, పిలుపులు మాత్రం ఇన్నేళ్లూ నాలాంటి తలనెరిసిన పంతుళ్లకే వస్తున్నాయి. వచ్చే ఏడు ఇరవై ఏళ్ల అమ్మాయిని పిలవండి. ఏ ఆల్బమ్ గురించి మాట్లాడాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. ఆమె ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే పుస్తకం వేయండి. అచ్చు ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను.