కెర్నెల్ నంబర్ మారితే ప్రోగ్రామ్స్ ఎందుకు ఆగిపోయాయి?

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, అబౌట్ ఫోన్‌లో వెతకండి. కెర్నెల్ వెర్షన్ అని ఒక నంబర్ కనిపిస్తుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. కానీ ఒకసారి ఆ నంబర్ మారినందుకే కొన్ని ప్రోగ్రామ్స్ ఆగిపోయాయి. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు బేసిక్స్ చూద్దాం. మెమరీ, స్టోరేజ్, నెట్‌వర్క్ అన్నీ కెర్నెల్ చేతిలో ఉంటాయి. మనం వాడే యాప్స్, కమాండ్స్ అన్నీ యూజర్‌స్పేస్. యాప్ ఒక ఫైల్ తెరవాలన్నా సిస్టమ్ కాల్‌తో కెర్నెల్‌నే అడగాలి. ఇక్కడ లినక్స్‌లో ఒక గట్టి రూల్ ఉంది: కొత్త కెర్నెల్ వేశాక నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఆగిపోతే, అది కెర్నెల్ తప్పే. ఈ విషయంలో లైనస్ టోర్వాల్డ్స్ అస్సలు రాజీపడరు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. 2003 డిసెంబర్‌లో 2.6 కెర్నెల్ వచ్చింది. ఏడేళ్లకు పైగా ఆ 2.6 అలాగే ఉండి, చివరి నంబర్ మాత్రమే పెరుగుతూ 2.6.39 దాకా వెళ్లింది. 2011 జులైలో దాన్ని 3.0 చేశారు. లినక్స్‌కి 20 ఏళ్లు నిండుతున్నాయి, నంబర్లు కూడా పెద్దవైపోయాయి. అంతే తప్ప లోపల ఏదో విప్లవం వచ్చిందని కాదు.

కానీ వెర్షన్ 2.6తోనే మొదలవుతుందని నమ్మి రాసిన ప్రోగ్రామ్స్ తికమకపడ్డాయి. మాడ్యూల్స్ లిస్ట్ తయారుచేసే డెప్‌మాడ్ పాత వెర్షన్లకైతే కచ్చితంగా మూడు నంబర్లు కావాలి. అందుకని కెర్నెల్ బిల్డ్ స్క్రిప్ట్‌లో ఒక ట్రిక్ పెట్టారు: ముందు 99.98 అని అతికించి దానికి చూపించడం! ఇంకా మొండి ప్రోగ్రామ్స్ కోసం కెర్నెల్‌లోనే ఒక ఆప్షన్ పెట్టారు. అది ఆన్ చేస్తే 3.0 కాస్తా 2.6.40 అని చెప్పుకుంటుంది.

ఇలాంటిదే 2021లో ఇంకొకటి. 4.4, 4.9 కెర్నెల్స్‌కి ఏళ్ల తరబడి సెక్యూరిటీ ఫిక్సులు ఇస్తూ ఇస్తూ చివరి నంబర్ 255కి చేరింది. కోడ్‌లో ఆ నంబర్‌కి ఇచ్చిన చోటు 8 బిట్స్ మాత్రమే, అంటే 0 నుంచి 255 దాకా. 256 వేస్తే లెక్క ప్రకారం 4.9.256 కాస్తా 4.10.0 అయిపోతుంది! అందుకే పైకి 256 అని చూపించినా, లోపలి కోడ్‌లో 255 దగ్గరే ఆపేశారు.

ఇంత తంటా ఎందుకంటారా? అప్‌డేట్ వేసిన ప్రతిసారీ ఏదో ఒకటి పాడైతే జనం అప్‌డేట్లు వేయడమే మానేస్తారు. అప్పుడు సెక్యూరిటీ లోపాలు మూసేవాళ్లు ఎంత మూసినా, మన ఫోన్లలో, సర్వర్లలో అవి తెరిచే ఉంటాయి.

ఒక్క మాట, ఈ రూల్ యూజర్‌స్పేస్‌కే. కెర్నెల్ బయట విడిగా రాసిన డ్రైవర్లకి ఈ గ్యారంటీ లేదు. అందుకే కెర్నెల్ అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్‌లో విడిగా వేసుకున్న వైఫై డ్రైవర్ ఒక్కోసారి మొరాయిస్తుంది.

కోడ్ రాసే ఫ్రెండ్స్, మీకు చెప్పేది ఒకటే. వెర్షన్ నంబర్ చూసి ఫీచర్ ఉందో లేదో ఊహించకండి. ఆ కాల్ నేరుగా చేసి చూడండి, లేదని ఎర్రర్ వస్తే వేరే దారిలో వెళ్లండి. నంబర్ ఎప్పుడైనా మారొచ్చు.

మీ ఫోన్‌లో కెర్నెల్ నంబర్ ఎంతో కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!