డయాలసిస్: "ఈ వారం ఒకటి మానేద్దాం" అంటే ఏమవుతుంది?

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఒక్కరైనా ఉండే ఉంటారు. "ఒంట్లో బాగానే ఉంది కదా, ఈ వారం ఒకటి మానేద్దాం" అనే మాట కూడా వినే ఉంటారు. ఈరోజు ఎపిసోడ్ ఆ మాట గురించే.

ముందు దేశం లెక్క చూద్దాం. 2016 బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఏం చెప్పారంటే, మన దేశంలో ఏటా 2.2 లక్షల మందికి కొత్తగా కిడ్నీలు పూర్తిగా పాడైపోతున్నాయి, వాళ్లకి ఏటా అదనంగా 3.4 కోట్ల డయాలసిస్‌లు కావాలి అని. అప్పటికి దేశమంతా కలిపి సుమారు 4,950 సెంటర్లు. అవీ ఎక్కువగా ప్రైవేటువి, పెద్ద ఊళ్లలోవి. అందుకే జిల్లా ఆసుపత్రుల్లో డయాలసిస్ పెట్టేలా జాతీయ కార్యక్రమం ప్రకటించారు. పేదవాళ్లకి అందులో ఉచితం.

ఇప్పుడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 3.4 కోట్లని 2.2 లక్షలతో భాగించండి. మనిషికి ఏడాదికి దాదాపు 155 వస్తుంది. అంటే వారానికి మూడు! ప్రభుత్వం లెక్క కూడా మూడు చొప్పునే. కానీ మన దగ్గర చాలామంది రెండుతోనే సరిపెట్టుకుంటున్నారు. డయాలసిస్ ఫ్రీయే కావచ్చు. బస్సు చార్జీ ఫ్రీ కాదు, ఆ రోజు పోయే కూలి ఎవరూ ఇవ్వరు, తోడు వచ్చే మనిషి కూడా పని మానుకోవాలి.

వారంలో 168 గంటలు. మంచి కిడ్నీ అన్ని గంటలూ పనిచేస్తుంది. మెషీన్ మూడుసార్లు, నాలుగేసి గంటలు చేస్తే 12 గంటలు. రెండుసార్లయితే ఎనిమిదే. మధ్యలో తాగిన నీళ్లు, తిన్న ఉప్పు, పొటాషియం అన్నీ ఒంట్లోనే ఉండిపోతాయి. నీరు ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు, అదీ ముందు ఏ సూచనా లేకుండా. 2011లో అమెరికాలో 32 వేల మంది పేషెంట్లని చూసిన ఒక అధ్యయనంలో, వారంలో రెండు రోజుల గ్యాప్ తర్వాతి రోజే మరణాలు ఎక్కువని తేలింది. మూడు చేయించుకునేవాళ్లకే అలా ఉంటే, ఒకటి మానేస్తే గ్యాప్ ఎంత పెరుగుతుందో ఆలోచించండి.

మరి మన దగ్గర? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో డయాలసిస్ కూడా ఉంది. ఆ పథకం కింద డయాలసిస్ చేయించుకున్న 13 వేల మందికి పైగా రికార్డులు పరిశీలిస్తే, మొదలుపెట్టిన ఆరు నెలల్లోనే సుమారు పది మందిలో ఒకరు చనిపోయారు. అయితే తర్వాతి సంవత్సరాల్లో మొదలుపెట్టినవాళ్లలో మరణాలు తగ్గాయి. అంటే పరిస్థితి మారుతుంది, మార్చొచ్చు.

ఆలస్యంగా రావడం ఇంకో సమస్య. ఆయాసంతో ఎమర్జెన్సీకి వస్తే మెడ దగ్గర గొట్టం వేసి మొదలుపెడతారు. దాంతో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. ముందే తెలిస్తే చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేస్తారు. అది సిద్ధం కావడానికి కనీసం ఆరు వారాలైనా పడుతుంది. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, సూది వేయనివ్వకండి.

మీరు చేయగలిగినవి చెప్తాను. అమ్మకో నాన్నకో షుగర్, బీపీ ఉంటే ఏడాదికోసారి క్రియాటినిన్, యూరిన్ ఆల్బుమిన్ టెస్టులు చేయించండి. నొప్పుల మాత్రలు సొంతంగా వేసుకోనివ్వకండి. డయాలసిస్ పేషెంట్‌ని చూడడానికి వెళ్తే కొబ్బరి బోండాం, అరటిపండ్లు తీసుకెళ్లకండి. వాటిలో పొటాషియం ఎక్కువ. ఇంట్లోనే చేసుకునే పొట్ట డయాలసిస్ గురించి, జీవన్‌దాన్‌లో మార్పిడికి పేరు నమోదు గురించి డాక్టర్ని అడగండి.

కొందరికి రెండు చాలని డాక్టర్ చెప్పొచ్చు. కిడ్నీ ఇంకా కొంత పనిచేస్తుంటే అది కుదురుతుంది. కానీ ఆ మాట చెప్పాల్సింది డాక్టరే, మన జేబు కాదు.

ఈ వీడియో చూశాక ఒక్క పని చేయండి. మీకు తెలిసిన డయాలసిస్ పేషెంట్‌కి ఫోన్ చేసి, "రేపు సెంటర్‌కి నేను బండి మీద దింపనా?" అని అడగండి. అలా ఒక్క సెషన్ తప్పకుండా చూసినా చాలు. ఉంటాను ఫ్రెండ్స్, మళ్లీ కలుద్దాం.