చేరిక లెక్కలో మన పిల్లల వాటా ఎంత?
(సోలాపూర్ కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాంచాపై పడుగు ఎక్కించగానే టవళ్ళు తయారయ్యాయని ఏ యజమాని అయినా కూలి ఇస్తాడా? మరి రిజిస్టరులో పేర్లు ఎక్కించి "పిల్లలందరూ బడిలో ఉన్నారు" అంటే మనమెందుకు నమ్మాలి?

ప్రభుత్వాలు ముందుగా చూపే అంకె స్థూల చేరిక నిష్పత్తి. ఆ తరగతుల్లో ఉన్న పేర్లన్నీ, వయసు చూడకుండా కూడి, ఆ వయసు పిల్లల సంఖ్యతో భాగిస్తారు. ఆలస్యంగా చేరినవారూ, తప్పి అదే తరగతి చదివేవారూ ఇందులో కలుస్తారు. అందుకే అది నూటికి నూరు దాటవచ్చు. అయినా మన పేటలో పిల్లలు బడి బయటే ఉండవచ్చు.

మనం అడగవలసినది వాటా. పేటలో నూరుగురు పిల్లల్లో 40 మంది సాంచాల, బీడీ కార్మికుల పిల్లలనుకోండి. బడిలోనూ నూటికి 40 మంది వారే ఉంటే న్యాయం. 20 మందే ఉంటే సగం వాటా పోయినట్టే. ఆడపిల్లలకు, దళితులకు, వికలాంగులకు ఈ లెక్క విడివిడిగా వేయాలి. కలిపి వేస్తే లోటు కనబడదు.

ఒకటో తరగతితో ఆగకూడదు. అయిదు, ఎనిమిది, పది తరగతుల్లోనూ అదే వాటా నిలిచిందా? బీడీలు చుట్టే తల్లికి సాయంగా ఆగిన అమ్మాయి, కండెలు చుట్టడానికి పోయిన అబ్బాయి అక్కడే బయటపడతారు.

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఎయిడ్ లేని ప్రైవేటు బడులు, మైనారిటీ బడులు మినహా, ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. సర్కారు బడికి కిలోమీటరు లోపు ఉన్న ప్రైవేటు బడులకు ఈ బాధ్యత తప్పిస్తూ 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. జులైలో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టివేసింది. కోర్టు సీటు నిలబెట్టింది. ఆ సీటులో ఎవరు కూర్చున్నారో చూడవలసింది మనం.

సర్కారు, ఎయిడెడ్ బడుల యాజమాన్య సంఘాల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతోంది. సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి. అక్కాచెల్లెళ్ళారా, ఆ కుర్చీలు మీవి!

ప్రతి గల్లీకి ఇద్దరు నోటుబుక్కు పట్టుకోండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలను ఇంటింటా లెక్కించండి. బడి రిజిస్టరుతో పోల్చండి. తేడా వచ్చిన ప్రతి పేరునూ ఆ సంఘం ముందు పెట్టండి. బోనసు లెక్క పైసాతో సహా చూసుకునే మనం, పిల్లల లెక్క ఒకరి చేతికి వదలవద్దు!