సముద్రానికీ కట్ట కావాలి

నాగరగెరె వంటి మెట్టసీమలో ఉన్న మనకు సముద్రం గొడవ ఎందుకని మీరనవచ్చు. చెరువు కట్ట సంగతి తెలిసినవారికి ఇది సులువుగానే బోధపడుతుంది.

భూమి వేడెక్కి సముద్రజలం వ్యాకోచిస్తున్నది. కరిగిన మంచు దానికి తోడవుతున్నది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది.

తీరానికి ఇసుకే కట్ట. విశాఖపట్నం వద్ద అలల వెంట ఇసుక ఏటా ఎక్కువగా ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బరు అడ్డుగోడలు దాన్ని ఆపడంతో రామకృష్ణా బీచి కోతకు గురవుతున్నది. అందుకే ఓడరేవులో తవ్విన ఇసుకను బీచికి పంపుతూ వచ్చారు. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఈ పని ఇంకా కష్టమవుతుంది.

రాతిగోడ వెనకనున్న రోడ్డును కాపాడవచ్చు. కాని అలలు గోడ మొదట్లోని ఇసుకను తోడేస్తాయి. కనుక ఇసుకను తిరిగి అందించాలి, కొత్త కట్టడాలను వెనక్కి జరపాలి, వాననీటి కాలువలు పూడకుండా చూడాలి.

మన ఊళ్లలోనూ అంతే. చెరువులో ఇళ్లు కట్టి, మరవ మూసి, తర్వాత నీళ్లను తిడితే లాభమేమి? వానలకు ముందే మీ చెరువు మరవ ఒకసారి చూసి రండి. సెలవు.