రేంజి మట్టిలో మిగిలిన సీసం

(మత్రాలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండను లెక్కచేయకుండా రువీ నుంచీ, సీబ్ నుంచీ మత్రా దాకా వచ్చిన మిత్రులందరికీ కృతజ్ఞతలు. నేను మాట్లాడబోయేది తుపాకీ గుళ్లు పడే నేల గురించి. ఇదేం రాజకీయం అని కొందరు నవ్వుకుంటున్నారు. కాస్త ఓపిక పట్టండి.

2012లో లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం తెస్తే అందరం చప్పట్లు కొట్టాం. కాల్చిన సీసం ఎక్కడికి పోతుందని మాత్రం అడగలేదు. నేనూ అడగలేదు. ట్రాప్ పోటీలో ఒక్కో తూటాలో 24 గ్రాముల సన్నటి గుళ్లుంటాయి. క్వాలిఫికేషన్‌లో 125 పళ్లేలు. పళ్లేనికి ఒక్క తూటాయే అనుకున్నా, ఒక మనిషి ఒక పోటీలో మూడు కిలోల సీసం చల్లి వెళతాడు. రోజూ చేసే సాధన దీనికి అదనం.

సీసం కుళ్లదు, ఆవిరి కాదు. వాన తడికి మెల్లగా తుప్పు పట్టి మట్టిలో కలుస్తుంది. ఇక్కడ ఒమన్ లాంటి ఎండు నేలలో భయం దుమ్ముతో. మన దగ్గర దుమ్ముతో పాటు వాననీళ్లూ దాన్ని చెరువుకి మోసుకుపోతాయి. పిల్లల మెదడుకి ఇంత సీసం వరకూ ఫరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా వాళ్లు ఇళ్ల దగ్గరి మట్టికి పెట్టుకున్న 400 పీపీఎం హద్దుని 2024లో 200కి దించారు.

బాగుచేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. అమెరికా పర్యావరణ సంస్థ 2001లోనే దీని మీద పుస్తకం వేసింది. మట్టికట్టని తవ్వి, జల్లెడ పట్టి, సీసాన్ని వేరుచేసి రీసైక్లింగుకి అమ్మాలి. ఖర్చులో కొంత అలా తిరిగొస్తుంది. నేల పులుపెక్కకుండా సున్నం కలపాలి. మిగిలిన సన్న పొడిని ఫాస్ఫేటు పట్టి ఉంచుతుంది. ఎముకల పొడిలో ఉండేది అదే. మరీ ఎక్కువ వేస్తే చెరువులో నాచు పెరుగుతుంది, అది వేరే తలనొప్పి.

జల్లెడ పట్టేదెవరు? కూలీలే. మాస్కు లేకుండా, ఒట్టి చేతులతో పట్టిస్తే ఆ దుమ్ము వాళ్ల బట్టలతోనే ఇంటికెళ్లి పసిపిల్లలకి అంటుతుంది. టెండరులో ఆ షరతు లేకపోతే అసలు శుభ్రం చేయకపోవడమే నయం అంటాను.

ఇక రాజకీయం. 2002 జాతీయ క్రీడలకని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో రేంజి కట్టినప్పుడు గచ్చిబౌలి ఊరి చివర. ఇప్పుడక్కడ ఫ్లాటున్న వాళ్లు చేతులెత్తండంటే ఈ హాల్లో ఎన్ని లేస్తాయో నాకు తెలుసు! ఆ రేంజి మీద నేను నింద వేయడం లేదు. అక్కడైనా, రెండు రాష్ట్రాల పోలీసు రేంజీల్లోనైనా మట్టి పరీక్ష చేయించి ఫలితం జనం ముందు పెట్టమంటున్నాను.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిబంధనలు తెచ్చింది. ఆరు నెలలకోసారి అనుమానమున్న చోట్ల జాబితా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లాలి. పాడుచేసినవాడే ఖర్చు భరించాలి. సొంత పోలీసు శాఖ రేంజి పేరు ఏ కలెక్టరు తనంతట తాను రాస్తాడు? ఎవరో ఒకరు అడగాలి.

ఇద్దరు ముఖ్యమంత్రులకీ ఉత్తరం ముసాయిదా తయారుచేశాను, టీ బల్ల పక్కనుంది. చదివి, తప్పులుంటే దిద్ది, ఒప్పుకున్నవాళ్లు సంతకం పెట్టండి.