‘అనుభవం: లేదు’ అని రాసేముందు



ఉద్యోగాలకు దరఖాస్తులు ఎలా నింపాలో మాట్లాడమని పిలిచినప్పుడు, సోషియాలజీ చదివిన నేను చెప్పేదేముంటుందిలే అనుకున్నాను. నిన్నటి నుంచి మీరు తెచ్చిన ఫారాలు ఒక్కొక్కటే చూశాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చాలా ఫారాల్లో ఒక గడి ఒకేలా ఉంది. ‘అనుభవం’ అన్నచోట ‘లేదు’. అలా రాసిన ఒకామెను అడిగితే, “ఇంట్లోనే ఉన్నాను కదా మేడమ్, ఏం రాయను?” అంది. మాటల్లో తేలిందేమిటంటే ఆమె ఆరేళ్ళుగా తన ఊళ్ళో 15 పొదుపు సంఘాల లెక్కలు రాస్తోంది. పొదుపు వసూళ్ళు, అప్పుల కిస్తులు, వడ్డీ, తీర్మానాల పుస్తకం, అన్నీ ఆమె చేతి రాతే. దరఖాస్తు పెట్టింది దేనికి? ఒక సహకార సంఘంలో గుమస్తా పనికి! ఎరువుల కొట్లో ఆరు నెలలు చిట్టా రాసిన కుర్రాడు మాత్రం అదే గడిలో ‘అకౌంట్స్ అసిస్టెంట్’ అని ధీమాగా రాసుకుంటాడు.

ఇద్దరం కూర్చుని తిరిగి రాశాం. ‘ఆరేళ్ళపాటు 15 పొదుపు సంఘాల నగదు పుస్తకం, అప్పుల లెడ్జరు రాశాను. నెలనెలా బ్యాంకు పాసుపుస్తకంతో సరిచూశాను.’ ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఏ పని, ఎంతకాలం, ఎంత మేరకు, అంతే. ‘కష్టపడి పనిచేస్తాను’ అని పది వాక్యాలు రాసినా ఆ 15 అనే అంకె చెప్పినంత చెప్పవు.

కానీ రుజువేదీ అంటే ఆమె దగ్గర కాగితం లేదు. ఆరేళ్ళు ఆమె చేత పని చేయించుకున్నది ప్రభుత్వం కాదు, మనలాంటి సంస్థే. మనం దాన్ని ‘సేవ’ అన్నాం. ఇంటిచాకిరీకి లెక్క లేదని ఇరవై ఏళ్ళుగా ఉపన్యాసాలిస్తున్న మనమే ఆమె పనికి లెక్క రాయలేదు. ఇక్కడున్న సంస్థలవాళ్ళను ఒకటే కోరుతున్నాను. ఎప్పటినుంచి ఎప్పటివరకు, ఏ పని, ఎన్ని సంఘాలు, గౌరవ వేతనం ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఇవ్వలేదని, లెటర్‌హెడ్ మీద సంతకం చేసి ఇవ్వండి. అడిగేదాకా ఆగకండి, వాళ్ళు అడగరు.

ఇక పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. సర్టిఫికెట్ల పరిశీలన రోజున పరుగులు పెట్టేది ఈ తేడా వల్లే. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. సర్టిఫికెట్‌లో ఉన్నట్టే దరఖాస్తులో రాయండి, ఆధార్‌ను దానికి సరిపోయేలా దిద్దించుకోండి.

బి.సి. మహిళలకు ఇంకో చిక్కు. క్రీమీలేయర్ కాదన్న సర్టిఫికెట్ కోసం వెళితే భర్త జీతం కాగితం తెమ్మన్నారని నలుగురు చెప్పారు. 1993 సెప్టెంబరు 8న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం చూడవలసింది తల్లిదండ్రుల స్థితిని. క్లాస్ వన్ అధికారిని పెళ్ళి చేసుకున్న బి.సి. స్త్రీ తాను ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుంటే, ఆ పెళ్ళి కారణంగా ఆమెను మినహాయించరాదని అందులో స్పష్టంగా ఉంది. ఆ ఉత్తర్వు ప్రతి ఒకటి సంచీలో పెట్టుకుని వెళ్ళండి. వాదన కన్నా కాగితం బాగా పనిచేస్తుంది.

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాలకు వితంతువులకు, విడాకులు పొందిన లేదా కోర్టు ద్వారా వేరుపడి మళ్ళీ పెళ్ళి చేసుకోని స్త్రీలకు 35 ఏళ్ళ వరకు, ఎస్సీ, ఎస్టీలైతే 40 వరకు వయసు సడలింపు ఉంది. భర్త చెప్పకుండా వదిలేసి పోయిన మనిషి? ఆమెకు కోర్టు కాగితం లేదు. ఫారంలో ‘వివాహిత’ దగ్గరే టిక్కు పెట్టాలి. మన దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వీళ్ళే.

అడిగిన ప్రతిదానికీ జవాబు రాయాలా అని పొద్దున ఒకరు అడిగారు. నీరా మాథుర్ 1989లో ఎల్.ఐ.సి.లో చేరినప్పుడు డిక్లరేషన్ ఫారంలో నెలసరి సక్రమమా, నొప్పి ఉంటుందా, చివరిసారి ఎప్పుడు, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావాలయ్యాయా అని గడులున్నాయి! 1990 జనవరిలో ఆమెకు కాన్పయింది, ఫిబ్రవరిలో ఉద్యోగం తీసేశారు. నెలసరి తేదీ తప్పు రాసిందట. 1991 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది, అవమానకరమైన ఆ గడులను తొలగించమంది. మూడు దశాబ్దాల తర్వాత స్టేట్ బ్యాంకు మూడు నెలలు దాటిన గర్భిణులను తాత్కాలికంగా అనర్హులంటూ మార్గదర్శకాలు తెచ్చి, గొడవయ్యాక 2022 జనవరిలో వెనక్కి తీసుకుంది.

నీరా మాథుర్ గెలిచింది కదా అని తప్పు రాయమని నేను చెప్పను. సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలిగేవాళ్ళెందరు? అలాంటి గడి కనిపిస్తే నింపేముందే జిరాక్సు తీసి సంస్థకు తెచ్చివ్వండి. ఒక్కరి పేరు బయటికి రాకుండా అందరి తరఫున అభ్యంతరం రాయడం మన పని.

చివరగా ఒక మాట. ఇక్కడికి వచ్చేముందు మా సంస్థ కార్యకర్తల ఫారం తీసి చూశాను. రెండో గడిలో ‘తండ్రి/భర్త పేరు’ అని ఉంది. తల్లి పేరుకు చోటు లేదు. ఆ ఫారం తయారుచేసింది నేనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ సంస్థల ఫారాలు కూడా తీయండి, కలిసి దిద్దుదాం.