బొగ్గుపులుసు గాలియు మన యన్నపు గింజయు



మొక్కకు బరువెక్కడినుండి వచ్చుచున్నదని యడిగిన మనలో పెక్కుమంది మట్టిని చూపుదురు. 17వ శతాబ్దమున వాన్ హెల్మాంటు పండితుడు తూచిన మట్టిలో 5 పౌనుల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరుమాత్రమే పోసెను. చెట్టు 169 పౌనులు తూగెను. మట్టి తరిగినది సుమారు 2 ఔన్సులే! అంతయు నీటి మహిమయని యాతడు తలచెను. గాలికిని అందు భాగము గలదని తరువాతివారు నిరూపించిరి. ఆకు సూర్యరశ్మి సాయమున బొగ్గుపులుసు గాలిని, అనగా కార్బన్ డయాక్సైడును గ్రహించి ఆహారముగా మార్చుకొనును. ఎండిన మొక్క తూకములో సుమారు సగము ఆ గాలినుండి తీసికొన్న కర్బనమే.

యంత్రయుగమునకు పూర్వము పదిలక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 280 పాళ్లుండెడిది. 1958లో హవాయి ద్వీపమందలి మౌనా లోవా పర్వతముపై కీలింగు శాస్త్రజ్ఞుడు కొలత ప్రారంభించునాటికి 315 పాళ్లాయెను. నేడు 420 దాటినది. బొగ్గును, నూనెను కాల్చుటయే ముఖ్యకారణము.

“పైరునకు మేత హెచ్చిన మేలే గదా!” యని వాదించువారు గలరు. ఎదుటి పక్షమును వినకుండ త్రోసివేయుట మా వకీలు వృత్తికి ధర్మము గాదు. ఆ వాదమున సత్యము గలదు. ఈ వాయువు హెచ్చిన వరి, గోధుమ, వేరుసెనగ ఏపుగా పెరుగును; ఆకురంధ్రములు కొంత మూసికొనుటచే నీరును ఆదా యగును. జొన్న, మొక్కజొన్న, చెరకు ఆ వాయువును ఆకులోపల కూడబెట్టుకొను నేర్పు గలవి. నీటి యెద్దడి లేనిచో వానికి అదనపు లాభము స్వల్పము.

ఇక ఎదురు ప్రశ్న వేయుదము. పుట్లు హెచ్చును సరే, గింజలో నేమున్నది? చైనా, జపానులలో ఆరుబయలు పొలములందు ఈ వాయువును 570 మొదలు 590 పాళ్లవరకు హెచ్చించి 18 రకముల వరిని పరీక్షించిరి. ఫలితములు 2018లో వెలువడినవి. గింజలో సగటున మాంసకృత్తులు నూటికి 10 పాళ్లు, ఇనుము 8, జింకు 5 తగ్గెను. చైనాలో పరీక్షించిన రకములలో గర్భిణులకు అత్యవసరమగు బి9 విటమిను నూటికి 30 పాళ్లు తగ్గెను. అదిగాక ఈ వాయువే భూమిని వేడెక్కించుచున్నది. పూతవేళ ఎండ 35 డిగ్రీలు దాటిన వెన్ను తాలుపోవును.

పప్పు, పాలు, కూరలు సమృద్ధిగాగల యింట ఈ లోపము కానరాదు. వట్టి యన్నముతో కడుపు నింపుకొను కూలివాని యింట, నిండు చూలాలి కంచములో అది కానవచ్చును. పొగ పెంచినవా రొకరు, సారము కోల్పోవువారు వేరొకరు! ఇది న్యాయమా?

కావున పొగను తగ్గింపవలెను. దిగుబడితోపాటు గింజ సారమునుగూడ చూచి వరి వంగడముల నెన్నుకొనవలెను. ఈ విషయమున వరికంటె తక్కువ నష్టపడు జొన్నకు మన వంటయింట మరల చోటీయవలెను. ధాన్యరాశిని కొలుచుటకు మనకు కుంచము గలదు. గింజలోని బలమును కొలువనిచో ఆ కొలత సగము కొలతయే.